ఎక్కాల పుస్తకంలో ఎవరి లెక్క?

కవితా సంపుటి వెయ్యి ప్రతులు అచ్చయితే సగం కవి మంచం కిందే ఉంటాయి. అయినా దాని మీద నాలుగు సమీక్షలొస్తాయి, రెండు సభలు జరుగుతాయి, అదృష్టం బాగుంటే ఒక వివాదం కూడా నడుస్తుంది. పెద్దబాలశిక్ష తరాల తరబడి ఇంటింటికీ పోయింది. ఎక్కాల పుస్తకాన్ని సంతల్లో గోలీల పక్కన, పూసల దండల పక్కన పెట్టి అమ్మారు. ప్రభుత్వ పాఠ్యపుస్తకం 'ఉచిత పంపిణీ' అన్న ముద్ర వేసుకుని ప్రతి గూడేనికీ చేరింది. వీటిని మాత్రం మన విమర్శ ముట్టుకోదు. అవి పంతుళ్ళ వ్యవహారం అనుకుంటుంది.

ఇది పొరపాటని నా అభిప్రాయం. వస్తువేమిటి, రూపమేమిటి, రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అని కథను పట్టుకుని మనం అడిగే ప్రశ్నలన్నీ మొదట అడగవలసింది బాలవాచకాన్ని. కథ చదివేవాడికి అప్పటికే ఒక లోకం ఉంటుంది. దానితో పోల్చి కథను ఒప్పుకోనూవచ్చు, తోసిపుచ్చనూవచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ వెసులుబాటు లేదు. 'మన దేశం', 'వాళ్ళు', 'లాభం', 'వడ్డీ' అన్న మాటలు ఆ పిల్లకు మొదటిసారి అర్థమయ్యేది ఆ పుస్తకంలోనే.

ఈ సంగతి నా బుర్రలోకి గట్టిగా ఎక్కింది 2020లో, భువనగిరిలో. మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనాయి. నా మిత్రుడొకడు పదవీ విరమణ చేసిన లెక్కల పంతులు. వాడకట్టు పిల్లలు నలుగురైదుగురు అతని అరుగు మీద చేరేవాళ్ళు. టీవీ చెప్పింది చెప్పగా, అర్థంకానిది ఇతను చెప్పేవాడు. సాయంత్రం మాత్రం అతనికి ఇంకో శిష్యురాలు ఉండేది, టెక్సాస్‌లో ఉన్న మనవరాలు. అక్కడా బడి లేదు. కొడుకూ కోడలూ ఇంట్లోనే చదివిస్తూ, అంతర్జాలంలో ఉచితంగా దొరికే పాఠాల కాగితాలు దించుకుని, కొన్నిటిని 'నాయినా, మీరు చెప్పండి' అని ఈయనకు పంపేవాళ్ళు.

ఒకే వారంలో రెండు చోట్లా ఒకే మాట వచ్చింది. అక్కడి కాగితంలో 'కలోనియల్' చరిత్ర. ఇక్కడి పుస్తకంలో 'వలస పాలన'.

అమెరికా కాగితం నేనూ చూశాను. పదమూడు వలసల పటానికి రంగులు వేయాలి. కొవ్వొత్తులు ఎట్లా పోసేవాళ్ళో, వెన్న ఎట్లా చిలికేవాళ్ళో, పక్షి ఈకను కలంగా ఎట్లా చెక్కేవాళ్ళో బొమ్మలున్నాయి. లెక్కల పాఠం కూడా అందులోనే కలిపారు. ఒక ఇంటావిడ రోజుకు ఇన్ని కొవ్వొత్తులు పోస్తే వారానికెన్ని? దూలానికి ఇన్ని మేకులైతే ఇంటికెన్ని? చాలా ముచ్చటగా చేశారు. పిల్ల మనసెరిగిన పని. చరిత్రనూ లెక్కనూ ఒక్క తాటి మీదికి తెచ్చిన ఆ నేర్పు మన పుస్తకాల్లో లేదని ముందే ఒప్పుకోవాలి.

కాని ఆ పాఠంలో వాక్యానికి కర్త ఎవరు? ఓడ దిగినవాడు. 1607లో జేమ్స్‌టౌన్‌లోనో 1620లో ప్లిమత్‌లోనో దిగి, చెట్లు కొట్టి, ఇల్లు కట్టినవాడు. పిల్ల తనను తాను అతని ఇంట్లో ఊహించుకోవాలి. ఆ నేల అంతకుముందు ఎవరిదో అడుగున రెండు వాక్యాల్లో ఉంది. పొగాకు తోటల్లో పనిచేసిన నల్లవాళ్ళ పేరు లెక్కల భాగంలో ఎక్కడా లేదు. ఈమధ్య వచ్చే పాఠాల్లో ఈ లోపం కొంత దిద్దారు. నేను చూసిన కాగితంలో దిద్దలేదు. ఆ అమ్మాయి తాత ముత్తాతలు భువనగిరి వాళ్ళు. 'వలస' అన్న మాటకు వాళ్ళ అనుభవం నేర్పిన అర్థం ఒకటుంది. ఆమె ఇప్పుడు దానికి సరిగ్గా ఎదుటి వైపు నిలబడి కొవ్వొత్తులు లెక్కపెడుతోంది.

ఇక మన 'వలస పాలన'. ఈ మాట శాస్త్ర పరిభాషలో స్థిరపడిపోయింది, మనమందరం వాడుతున్నాం, నేనూ వాడుతున్నాను. కాని ఒక్కసారి పాలమూరు పిల్లవాడి చెవితో వినండి. వాడికి వలస అంటే వాళ్ళ నాయిన బొంబాయి పోవడం. ముసలమ్మను, మేకను, వాడిని ఇంట్లో వదిలి అమ్మా నాయినా మేస్త్రీ వెంట పోవడం. నల్లగొండలో దుబాయి పోవడం కూడా వలసే. పొట్ట చేతపట్టుకుని పోయేవాడి మాటను, తుపాకి పట్టుకుని వచ్చినవాడి మాటకు అతికించి, మధ్య ఒక్క ముక్క వివరణ లేకుండా పాఠం మొదలుపెడితే వాడికి ఏమి బోధపడుతుంది? అరుగు మీద ఒక పిల్లవాడు నిజంగానే అడిగాడట: 'ఇంగ్లీషోళ్లు గుడ కూలికే వచ్చిన్రా సార్?' నవ్వవలసిన ప్రశ్న కాదది. పాఠం రాసినవాడు వేసుకోవలసిన ప్రశ్న.

దానికంటే కష్టమైన ప్రశ్న ఇంకో పిల్ల వేసింది. 'సార్, మనూళ్లె గుడ ఇంగ్లీషోళ్ల రాజ్జెం ఉండెనా?'

మిత్రుడు జవాబు చెప్పిన తీరు నాకు నచ్చింది. 'లేదు బిడ్డా, ఉంది. గా రైలు పట్టాలు సూడు' అన్నాడు.

భువనగిరి మీదుగా పోయే లైను 1880లలో పడింది. వేసింది లండన్‌లో ఏర్పడిన కంపెనీ. పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ 'గ్యారంటీ' ఏమిటి? కంపెనీ వాటాదారుల పెట్టుబడి మీద రైలుకు లాభమొచ్చినా రాకపోయినా, నూటికి ఐదు చొప్పున ఇరవై ఏళ్ళపాటు నిజాం ఖజానా పూచీ. ఇది నాలుగో తరగతి పిల్ల చేయగల లెక్క. నూరు రూపాయల పెట్టుబడి మీద రైలు మూడే సంపాదిస్తే మిగతా రెండు ఎవరిస్తారు? ఖజానా. ఖజానాలోకి అవి ఎక్కడినుంచి వస్తాయి? రైతు కట్టే శిస్తు నుంచి. రైలెక్కని రైతు కూడా టిక్కెట్టు కొన్నట్టే. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కొనేసిందని కూడా చెబితే పాఠం పూర్తవుతుంది. జెండా లేకుండా రాజ్యం చేయడమంటే ఏమిటో దీనికంటే తేలికగా చెప్పే మార్గం నాకు తోచదు.

ఇప్పుడు మన ఇళ్ళలోని పాత పుస్తకం దగ్గరికి వద్దాం. పెద్దబాలశిక్షను తలుచుకోగానే మనవాళ్ళకు రెండే భావాలు కలుగుతాయి. పూర్వుల విజ్ఞాన సర్వస్వమని చేతులు జోడించడం ఒకటి, పాతచింతకాయ అని తీసిపారేయడం రెండోది. రెండువైపులవాళ్ళూ దాని పుట్టుక సంగతి మరిచిపోతారు. కుంపిణీ ప్రభుత్వపు రోజుల్లో, క్లూలో దొర ప్రోద్బలం మీద పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి 1832లో బాలశిక్ష రాశాడు. అదే పెరిగి పెద్దబాలశిక్ష అయింది. అంటే మన సనాతన గృహగ్రంథం కుంపిణీ కచేరీ నీడలో పుట్టిన బిడ్డ! ఇంగ్లీషు చదువుకు ఎదురుగా నిలబెట్టి పూజిస్తున్నామే, ఆ పుస్తకం అవసరాన్ని మొదట గుర్తించినవాడు ఇంగ్లీషువాడు.

అంతమాత్రాన అది పనికిమాలినదని అనను. గుణింతాలు, ఎక్కాలు, సంవత్సరాల పేర్లు, నక్షత్రాలు, నీతివాక్యాలు అన్నీ లయలోకి మలిచి నోటికి ఎక్కించిన పుస్తకం అది. కాగితం కొనలేని ఇంట్లో గొంతే పలక. వల్లె వేయడాన్ని ఎగతాళి చేసే ఆధునికులు ఈ ఆర్థిక కారణాన్ని చూడరు. వీసం, పరక, పాతిక, ముప్పావు అని భిన్నాల్ని పాటలాగా చెప్పుకున్న పిల్ల, దశాంశ స్థానాల దగ్గర తడబడే ఈనాటి పిల్లకంటే ఒక విషయంలో ముందుంది: సగంలో సగం ఎంతో ఆమెకు చెవితో తెలుసు.

అయితే ఆ లెక్కలు ఎవరికోసం? కరణీకం చేయబోయే పిల్లవాడి కోసం. కొలతలు, తూకాలు, రొక్కం మార్పు, పద్దు రాయడం అతనికి కావాలి. వీధిబడి అరుగెక్కే అర్హత లేని కులాల పిల్లలకు ఆ పుస్తకం దొరకలేదు. ఆడపిల్లలకు దొరికితే నీతివాక్యాల వరకే దొరికింది. అందుకే తెలంగాణ పల్లెలో లెక్క ఒక కులవృత్తిలాగా, ఒక ఆయుధంలాగా బతికింది. నాగు సంగతి చూడండి. గింజలు అప్పు తెచ్చుకున్న రైతు తూముకు తూమున్నర కల్లంలో కొలవాలి. కొలవలేకపోతే తూమున్నర అసలవుతుంది. మరుసటేడు రెండుంబావు. ఆపైన మూడున్నరకు పరక తక్కువ. నాలుగో ఏటికి అయిదు దాటుతుంది, అయిదో ఏటికి ఏడున్నర దాటుతుంది. చక్రవడ్డీ అన్న మాట రైతుకు తెలియదు, ఫలితం మాత్రం తెలుసు. రైతు కల్లంలో నిలబడి చూస్తాడు, పట్వారీ పద్దు రాస్తాడు. ఇద్దరి మధ్య ఉన్న తేడా ఒక ఎక్కాల పుస్తకమంత మందం.

భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో భువనగిరిలో పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది. అది తెలంగాణ రాజకీయాలనే మలుపు తిప్పిందని అందరూ రాస్తారు. ఆ మలుపుకు వెనక ఉన్న చదువు సంగతి తక్కువమంది రాస్తారు. నిజాం రాజ్యంలో పైచదువు భాష ఉర్దూ. 1924 ప్రాంతం నుంచి ఖాంగీ బడులు పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ రోజుల్లో మన ప్రాంతంలో ఇంటి చదువు, అరుగు చదువు, రాత్రిబడి అనేవి సరదాకు ఎంచుకున్న మార్గాలు కావు. అనుమతి లేనిచోట చదువు దాక్కున్న చోట్లు అవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగిన నాటినుంచీ గ్రంథాలయం, పాఠశాల అన్నవి తీర్మానాల్లో ముందు వరసలో ఉన్నాయంటే కారణమిదే. నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగాడు. ఆయన్ని మనం నవలాకారుడిగా గౌరవిస్తాం. ఆ మోతను కూడా ఆయన రచనల్లో ఒకటిగా లెక్కించాలి.

ఆ తరం మనకిచ్చిన చరిత్ర రచనను మాత్రం మెచ్చుకుని వదిలేయకూడదు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో చరిత్ర గ్రంథాలకు బాట వేసింది. కొమర్రాజు లక్ష్మణరావు పరిశ్రమకు మనం ఎంత రుణపడినా తక్కువే. సురవరం వారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చి రాజుల నుంచి జనం వైపు చూపు మరల్చారు. ఇవన్నీ పెద్దల పుస్తకాలు. పిల్లల దగ్గరికి దిగివచ్చేసరికి ఆ సాంఘిక చరిత్ర ఆవిరైపోయి మళ్ళీ కాకతీయుల ఏనుగులు, ఫలానా యుద్ధం, ఫలానా సంవత్సరం మిగిలాయి. ఆత్మగౌరవం కోసం కీర్తిని చెప్పారు, అది ఆనాటి అవసరం. తూము లెక్క చెప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రభుత్వ పుస్తకాలను తిట్టడం మన అలవాటు గనక, తిట్టకూడని చోటు కూడా చెప్పాలి. 2013-14 ప్రాంతంలో ఎనిమిదో తరగతికి తయారైన సాంఘికశాస్త్రంలో బ్రిటిషు పాలనలోనూ నిజాం పాలనలోనూ భూస్వాములు, కౌలుదార్లు ఎట్లా ఉన్నారో పక్కపక్కన పెట్టి చెప్పిన పాఠం ఉంది. ఆ ఊహ మంచిది. రెండు రాజ్యాలు, ఒకే రైతు. దొర, వెట్టి అన్న మాటలు పాఠ్యపుస్తకం ఎక్కాయంటే దాని వెనక ఎన్ని దశాబ్దాల రచయితల, ఉద్యమాల ఒత్తిడి ఉందో గుర్తుంచుకోవాలి. ఆ పుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి, తల్లిదండ్రులు దించుకోవచ్చు.

లోపం ఏమిటంటే, ఆ పాఠం పక్క సంచిలో ఉన్న గణితంతో మాట్లాడదు. గణితం పుస్తకంలో వడ్డీ లెక్క ఉంటుంది. బ్యాంకు ఉంటుంది, అసలు ఉంటుంది, కాలం ఉంటుంది. అప్పు తెచ్చుకున్నవాడు ఎందుకు తెచ్చుకున్నాడో ఉండదు. సాంఘికంలో అప్పుల్లో మునిగిన రైతు ఉంటాడు. అప్పెంతో, ఎన్నేళ్ళకు ఎంతైందో ఉండదు. ఒకచోట అంకెలకు మనుషులు లేరు, ఇంకోచోట మనుషులకు అంకెలు లేవు.

మిత్రుడు ఈ రెంటినీ కలిపి ఒక నోటుపుస్తకం రాయడం మొదలుపెట్టాడు. నాలుగు లెక్కలు చెబుతాను. రచయితలు వీటిని సాహిత్యంగా చదవాలని నా కోరిక.

ఒకటి. 1798లో నిజాం అలీ కుంపిణీతో సైన్యసహకార ఒప్పందం చేసుకున్నాడు. కుంపిణీ పటాలాన్ని పోషించడానికి ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. నెలకెంత? పన్నెండుతో భాగిస్తే 2,01,425 వస్తుంది, శేషం లేదు. భాగహారం నేర్చుకునే పిల్లకు శేషం రాకపోతే సంతోషం. అప్పుడు రెండో ప్రశ్న: నిన్ను కాపాడతానని వచ్చినవాడి జీతం నువ్వే కడుతూ, వాణ్ణి పొమ్మనే అధికారం నీకు లేకపోతే వాణ్ణి ఏమంటారు? ఈ బాకీ గొడవ లేకుండా 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కుంపిణీ పరమైనాయి. దత్తమండలం అన్న పేరు ఆ లెక్కకు వచ్చిన జవాబు.

రెండు. ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో కుంపిణీ చేతికి పోయాయి, ప్రతిఫలంగా ఏటా పేష్కషు. తర్వాతి కాలంలో హైదరాబాదు ప్రభుత్వం పామర్ కంపెనీ దగ్గర అప్పులు చేసింది. వడ్డీ ఒక దశలో నూటికి 25 దాకా పోయింది. 1820లో తీసుకున్న అప్పు ఒక్కటే 60 లక్షలు. ఆ బాకీ తీర్చడానికి 1823లో పేష్కషు హక్కునే కుంపిణీకి ఒక్కసారిగా అమ్ముకున్నారు. పిల్లలకు లెక్క: ఏటా ఏడు లక్షలు వచ్చే హక్కుకు, నూటికి ఆరు వడ్డీ చొప్పున, అసలు విలువ ఎంత? ఏడు లక్షల్ని నూరుతో హెచ్చించి ఆరుతో భాగించాలి. కోటి పదహారు లక్షల అరవై ఆరువేల చిల్లర. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీది హక్కు చివరికి ఒక వడ్డీ లెక్కలో చెల్లిపోయింది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవాళ్ళు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ సిక్కాలు. నూరు కల్దార్లకు నూటపదహారు రూపాయల పదణాల ఎనిమిది పైసలు. బెజవాడ పోయి సరుకు కొనుక్కొచ్చే భువనగిరి వర్తకుడు ఎంత నష్టపోయేవాడు, లేక నిజంగా నష్టపోయేవాడా? రెండు నాణేలలో వెండి ఎంతెంతో తెలియకుండా నష్టమని ఎట్లా అంటాం? మిత్రుడు ఈ రెండో ప్రశ్న కూడా వేశాడు. నేను మెచ్చుకున్నది దాన్నే. అంకెను చూడగానే దోపిడీ అని అరవకుండా, అంకెను కూడా అనుమానించడం నేర్పుతున్నాడు.

నాలుగోది మనవరాలి కోసం. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన 342 పెట్టెల తేయాకు ఎవరిది? ఈస్టిండియా కుంపిణీది. 1770 నాటి బెంగాలు కరువులో జనం చచ్చిపోతున్నా శిస్తు వసూలు చేసిన కుంపిణీదే. దివాలా అంచున ఉన్న దాన్ని బతికించడానికి లండన్ పార్లమెంటు తెచ్చిన చట్టం ఆ గొడవకు కారణం. 1781లో యార్క్‌టౌన్‌లో ఆయుధాలు అప్పగించిన సైన్యానికి అధిపతి కారన్‌వాలిస్. అయిదేళ్ళకు కలకత్తాలో గవర్నర్ జనరల్ అయినాడు. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ చేతికి చిక్కింది అతని కాలంలోనే. బెంగాల్లో 1793 శాశ్వత శిస్తు ఒప్పందం చేసిందీ అతనే. 1802 తర్వాత అది సర్కారు జిల్లాలకూ దిగింది. పటం మీద బోస్టన్‌కూ గుంటూరుకూ ఒక గీత గీయమన్నాడు తాత. మనవరాలు ఆ గీతను ఎర్రరంగుతో గీసి పంపింది. కొవ్వొత్తుల కాగితం ఈ గీతను ఎన్నటికీ చూపించదు.

నోటుపుస్తకంలో లోపాలు లేవా? ఉన్నాయి, అవి మనందరివీ. ఆడవాళ్ళు కూరగాయల లెక్కల్లో తప్ప ఎక్కడా కనిపించరు. పట్వారీ ప్రతి పేజీలో మోసగాడే. లెక్క అయిపోయాక కింద ఒక ఆవేశపు వాక్యం తప్పనిసరి. 'ఆ కింది వాక్యం కొట్టెయ్యి' అన్నాను. 'ఎందుకు? అబద్ధమా?' అన్నాడు. అబద్ధం కాదు. పిల్ల తన లెక్కతో తానే అక్కడికి రావాలి. ముందే నువ్వు అక్కడ కూచుంటే దానికి చోటుండదు. మనవాళ్ళు రాసిన బాలసాహిత్యంలో చాలాభాగం ఇందుకే నిలవలేదు. దొర చెడ్డవాడని మొదటి వాక్యంలోనే చెప్పేశాక ఇక కథ ఎందుకు? నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వయోజన వాచకంలోని సీతమ్మ కథ దూబగుంట ఆడవాళ్ళను సారా దుకాణం మీదికి నడిపించిందని మనం పదేపదే చెప్పుకుంటాం. ఆ మహిళల ఉద్యమమే 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. అది చదివినవాళ్ళు తమ ఇంటిని ఆ పాఠంలో చూసుకున్నారు. ఎవరో తీర్పు చదివి వినిపించినందుకు లేచిన వాళ్ళు కారు.

ఇంకో లోపం కొలతలది. ఉచితంగా దొరుకుతున్న తెలుగు పాఠాల్లో భూమి సెంట్లలో ఉంటుంది. మన దగ్గర ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. పక్క జిల్లాల పుస్తకం తెచ్చి చదివించే తల్లి అక్కడ ఆగిపోతుంది. చిన్న విషయమే. కాని పిల్లకు తన నాయిన పొలం తన పుస్తకంలో పట్టకపోతే అది పుస్తకం తప్పనుకోదు, నాయిన తప్పనుకుంటుంది.

మగ్గం లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. భువనగిరికి కూతవేటు దూరంలో పోచంపల్లి ఉంది. చిటికి కట్టే ఇల్లాలు పోగుల్ని జట్లుగా విడదీసి, అద్దకంలో ఏ రంగు ఎక్కడ ఆగాలో ముందే లెక్కించి రబ్బరు పట్టీ చుడుతుంది. నేతలో ఆ రంగులు సరిగ్గా వచ్చి పూవవుతాయి. సౌష్ఠవం, నిష్పత్తి, గుణిజాలు అన్నీ ఆమె వేళ్ళలో ఉన్నాయి. ఆసు పోయడంలో ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు వైపు శారాజీపేట చేనేత బిడ్డ చింతకింది మల్లేశం యంత్రం చేశాడు. బడి చదువు మధ్యలో ఆగినవాడే అతను. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు, చాలా సంతోషం. ఆయన చేసిన లెక్కను ఐదో తరగతి గణితంలోకి తెచ్చే పని మాత్రం మిగిలే ఉంది. మాంచెస్టర్ బట్ట మన మగ్గాన్ని ఎట్లా దెబ్బకొట్టిందన్న పాఠం పక్కనే అది ఉంటే, ఆ పిల్లలు చరిత్రను ఇంట్లో తాకి చూస్తారు.

చివరగా, 'ఉచితం' అన్న మాట. పాఠం ఉచితమే. ఫోను ఉచితం కాదు, దానిలో వేయించే డబ్బులు ఉచితం కావు, పక్కన కూచుని చెప్పే అమ్మ పూట కూలి అసలే కాదు. 2020లో అరుగు మీదికి రాలేని పిల్లలు ఎవరో మిత్రుడు ఒక జాబితా రాసుకున్నాడు. ఫోను ఒక్కటే ఉండి అది అన్న చేతిలో ఉన్న ఆడపిల్లలు అందులో ఎక్కువ. ఆ జాబితాలో చేరనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తాయి. ముందు అడ్వాన్సు, తర్వాత వెయ్యి ఇటుకలకింత. తండ్రి చేసిన ఇటుకలెన్ని, అడ్వాన్సులో తెగిందెంత, మిగిలిందెంత అన్నది ఆ పిల్లవాడికి రోజూ కావలసిన లెక్క. మేస్త్రీ నోటుబుక్కులో ఉన్న అంకె సరైనదో కాదో చూసే మనిషి ఆ గుడిసెలో లేడు. నాగు లెక్క రాసిన పట్వారీకీ ఈ మేస్త్రీకీ మధ్య ఎనభై ఏళ్ళు గడిచాయి.

ఆ పిల్లల కోసం నోటుపుస్తకంలో రెండు పేజీలు రాశాడు మిత్రుడు. ఇటుకల బొమ్మలు, వేల స్థానం, తీసివేత. తెలుగులో రాశాడు. 'వాళ్ళకు తెలుగు రాదు గదా' అన్నాను. 'నాకు ఒడియా రాదు' అన్నాడు. మన సంఘంలో ఒడియా తెలిసిన సభ్యులు, ముఖ్యంగా శ్రీకాకుళం మిత్రులు, ఆ రెండు పేజీలు అడిగితే పంపిస్తాడు.